మామ తీసిన గోడ, నేను చెరిపిన బీట

మా మామ పోయారని తిరుత్తణి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను తిరువళ్లూరులో ఒక కల్యాణ మండపం ఫోటోలో ఆకాశానికి నీలిరంగు పూస్తున్నాను. వార్త విన్నాక కూడా నా చెయ్యి ఓ నిమిషం ఆ పని చేస్తూనే ఉంది. ఛీ, ఏం బతుకు అనిపించింది.

మామ అంటే అమ్మ తమ్ముడు. బడులు, మండపాలు, ఫ్లాట్లు, ఫ్యాక్టరీ షెడ్లు కట్టినవాళ్లకు వాటి ఫోటోలు తీసివ్వడమే ఆయన వృత్తి. నా చేతికి కెమెరా ఇచ్చి అన్నం పెట్టే విద్య నేర్పింది ఆయనే. ఆయన సంచిలో కెమెరాతో పాటు వాలు చూసే రసమట్టం, చీపురు ఉండేవి. మెట్లు తనే ఊడ్చేవారు. అడ్డంగా ఆరేసిన లుంగీలను ఇంటివాళ్లను బతిమాలి తీయించేవారు. గోడలు నిట్టనిలువుగా కనిపించేదాకా స్టాండు కాళ్లు సర్ది, ఎండ పక్కకు తిరిగేదాకా టీ తాగుతూ కూర్చునేవారు. నాకేమో విసుగు. "కంప్యూటర్లో సరిచేస్తే పోలా మామా?" అంటే, "చేత్తో తీసేయగలిగిందే తీసెయ్యి మ్మే. కసువు ఊడ్చేది వేరే, కసువు మింద చాప కప్పేది వేరే" అనేవారు.

ఇప్పుడు మా పనిలో అందరం చాపలు కప్పేవాళ్లమే. లేని పచ్చిక పరుస్తాం, ఉన్న చెత్తకుప్పను మాయం చేస్తాం. రోత.

పాండూరు దగ్గర ఒక ఫ్లాట్ల బిల్డింగు. ఒక ఇంటి హాల్లో కిటికీ మూల నుంచి నేల దాకా గోడ బీటవారింది. మామ ఉన్నదున్నట్టు తీశారు. "ఆ గీత తీసేయండి సార్" అన్నాడు బిల్డరు. "మేస్త్రీతో తీయించు. మళ్లా వచ్చి ఫోటో తీసిస్తా" అన్నారు మామ. ఆ బిల్డరు నా దగ్గరికొచ్చి, ఇకపై పనులన్నీ నీకే అన్నాడు. మామకు చెప్పకుండా, బిల్డరు దగ్గరున్న ఆయన ఫోటోలోనే బీట చెరిపేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. గోడ నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

మామ పేరుతో బిల్డరు బ్రోచరులో అచ్చయిన ఆ ఫోటో చూసి ఒక టీచరమ్మ ఆ ఇల్లు కొన్నది. మొదటి వానకే గోడంతా చెమ్మ. ఆమె మామను వెతుక్కుంటూ వెళ్లింది. మామ ఆమె వెంట వెళ్లి, అసలు ఫోటో బిల్డరు ముందు పెట్టి, గోడ బాగుచేయించేదాకా వదల్లేదు. నన్ను మాత్రం "నువ్వేనా?" అని ఒక్క మాట అడిగారు. తలూపాను. తర్వాత "అన్నం తిన్యావా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

కర్మ రోజున ఆ టీచరమ్మ వచ్చింది. మామ పటం ముందు పూలు పెట్టి, నలుగురిలో అంది: "తప్పు చేసినా ఒప్పుకున్న మనిషమ్మా. 'నేనే చెరిపినాను తల్లీ, మన్నించు' అని నాకు చేతులెత్తి మొక్కినారు."

అత్త తల దించుకుంది. నేను అందరికీ కాఫీ గ్లాసులు అందిస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. నిజం ఒప్పుకున్నట్టూ ఉంటుంది, టీచరమ్మకు తెలియకుండానూ ఉంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ చదవడం వచ్చింది తమిళమే. బీట చెరిపిన తెలివే ఇదీ అని గుర్తించగానే కలం మూసేశాను. కాగితాలు పక్కన పడేసి టీచరమ్మ ఇంటికి బస్సెక్కాను.

"రా మ్మా, యాడినుంచి ఇంత ఎండలో?" అంటూ తలుపు తీసింది. గుమ్మంలోనే చెప్పేశాను.

"అక్కా, చెరిపింది మామ కాదు. నేను."

అప్పటికే ఒక చెప్పు విడిచాను. రెండోది విడవబోతుంటే ఆమె నా కాళ్లవైపు చూసింది.

"చెప్పులు ఇడవద్దులే మ్మా" అంది, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి.

ఒక కాలు చెప్పులో, ఒక కాలు కాలుతున్న మెట్టు మీద, అలాగే నిలబడ్డాను.