పెద్దావిడ పురిటికి అమ్మమ్మ కాపలా

మా ఊరి కొండ ఎప్పుడూ మబ్బు కప్పుకునే ఉంటుంది. చదువుకున్నవాళ్ళు ఏవేవో కారణాలు చెబుతారు. అసలు కారణం మా అమ్మమ్మ రోస్నిదార్. ఓ రోజు పొద్దున్నే తలుపు తీసి, దాన్ని ఎగాదిగా చూసి, "ఏం మొహం అది, నెత్తిన బొప్పి కట్టినట్టు" అంది. అంతే, కొండ ఆనాటి నుంచి ముసుగు తియ్యలేదు. సుమత్రా దీవి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతకండి, మా అమ్మమ్మ "బాగుంది" అన్న వస్తువు ఒక్కటి దొరికితే నా చెవి కోసిస్తాను.

పసిబిడ్డని బాగుందనకూడదని మా మినాంగ్ వాళ్ళందరికీ తెలుసు. దిష్టి తగులుతుంది. అందరూ పసిబిడ్డలతో ఆపేస్తారు. అమ్మమ్మ ఆపలేదు. ఏది నచ్చితే దాన్ని తిట్టింది. పక్కింటి పెళ్ళికూతురు బంగారు కిరీటం పెట్టుకుని వచ్చి, దీవెన కోసం ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకుంటే, "కొంగ మీద గంప పెట్టినట్టుంది" అంది. పిల్ల మురిసిపోయింది. నేను పుట్టినప్పుడు "కాల్చిన వంకాయ" అందట. నేను మధ్యలో బడి మానేసినప్పుడు మాత్రం ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆవిడకి అది ఎంత నచ్చలేదో నాకప్పుడే తెలిసింది.

మా ఊరి జూలో అమ్మమ్మ అరటిపండు బజ్జీలూ జిగురన్నమూ అమ్మేది. బండి పక్కనే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు ఎక్కితే ఏనుగు. ఎడమవైపు పెద్దావిడ. పెద్దావిడంటే పులి. ఈ ఒక్కసారికే ఆ మాట రాశాను, మళ్ళీ రాయను. మా వైపు ఆ జాతిని పేరు పెట్టి పిలవరు. మగదైతే పెద్దాయన, ఆడదైతే పెద్దావిడ. అడవిలో వాళ్ళు ఏటికేడాదీ తగ్గిపోతున్నారు. మర్యాద మాత్రం తగ్గలేదు.

పెద్దావిడకి రోజూ మాంసం పెట్టేది మా మేనమామ సియాఫ్రిల్. ఇంతకుముందు ఓసారి ఆవిడ ఈనినప్పుడు ఊరంతా కటకటాల మీద పడింది. ఆ గోలకి బెదిరి, కూనని నోట కరుచుకుని దాచే చోటు కోసం సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. కూన ఆ నోట్లోనే పోయింది. మామయ్య దాన్ని పాతిపెట్టి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కంచాన్ని చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి ఒక్కటే కూన. పుట్టింది రంజాన్ పండగ సెలవుల్లో. జూ మూయడం కుదరదన్నారు డైరెక్టరు గారు. ఎడమ దారికి అడ్డంగా ఓ వెదురు బొంగు కట్టించి, ప్రవేశం లేదని బోర్డు పెట్టించారు. మా ఊళ్ళో ఆ బోర్డు ఉందంటే చూడాల్సింది అక్కడే ఉందని అర్థం.

జనం రానే వచ్చారు. "పెద్దావిడకి పురుడొచ్చిందటగా, అత్తా? పిల్ల ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి, తడిసిన గోనెసంచిలా ఉంది. దానికంటే మీ ఇంటి పిల్లి నయం."

"చారలు బాగా పడ్డాయా?"

"చారలా? బూజు."

పక్క బండిలో మాంసం పుల్లలు కాల్చే బుయుంగ్ గాభరా పడ్డాడు. "నెమ్మదిగా అను అక్కా, పెద్దావిడ వింటుంది."

"వినాలనే అంటున్నా."

వచ్చినవాళ్ళు పెదవి విరిచి ఇంటిదారి పట్టారు. బజ్జీలు మిగిలిపోయాయి. మూడు పూటలా మేం బజ్జీలే తిన్నాం. పండగ పూట బేరం పాడుచేసుకునే ఈ నోటిజబ్బేంటా అని నేను గొణుక్కున్నాను. అంతలో మామయ్య వచ్చి బండి చాటున కూలబడ్డాడు.

"పాలు తాగిందా?" అంది అమ్మమ్మ, నాకెప్పుడూ వినిపించని గొంతుతో.

"తాగుతోందమ్మా. చప్పుడు లేకపోతే ఆవిడే పొదువుకుంటోంది. ఇంకొన్నాళ్ళు తిట్టు."

ఆ మర్నాడు సెలవుల విహారానికని బస్సు నిండా బడిపిల్లలు దిగారు. అమ్మమ్మ మొదలుపెట్టింది. "దాన్నేం చూస్తారర్రా? చెవులు గాడిదవి, కళ్ళు కప్పవి. చూస్తే తిన్నది కక్కుకుంటారు."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "అయితే చూడాల్సిందే," అన్నాడొకడు. గుంపంతా కేకలేస్తూ బొంగు మీదకి ఉరికింది. టీచరమ్మ గొంతు ఆ గోలలో కలిసిపోయింది. లోపల పెద్దావిడ గుర్రుమంది.

అమ్మమ్మ గరిటె పడేసి, వాళ్ళకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. చేదుమందు మింగినదానిలా మొహం పెట్టి అంది: "ఒరే, ఏనుగుని చూశారా? ఎంత అందంగా ఉందో తెలుసా? ఆ తొండం, ఆ నడక. అంత చక్కటి ప్రాణిని నా జన్మలో చూడలేదు. అదిగో, కుడివైపు. ఇప్పుడే స్నానం చేయిస్తున్నారు."

పిల్లలు కుడివైపు పరుగెత్తారు. బుయుంగ్ చేతిలో పుల్లలు నిప్పుల్లో పడ్డాయి. ఊరు ఊరంతా సాయంత్రానికి అదే మాట: రోస్నిదార్ పొగిడింది.

పొగిడింది సరే, ఆవిడకి ఇక కాలు నిలవలేదు. "దానికేమైనా అయితే పాపం నాదే" అంటూ, మిగిలిన అరటిపళ్ళన్నీ బుట్టకెత్తుకుని ఏనుగు దగ్గరకి వెళ్ళింది. ఒక్కో పండే అందిస్తూ, "నీ కాళ్ళు రోలులా ఉన్నాయి, తోక పాత చీపురు, పళ్ళు పార" అని బుట్ట ఖాళీ అయ్యేదాకా తిట్టింది. ఏనుగు హాయిగా తినేసింది. దానికి తుమ్మైనా రాలేదు.

కూన బతికింది. తల్లి వెనకాల నడిచే వయసొచ్చాక బొంగు తీసేశారు. మేమూ వెళ్ళి చూశాం. ఎండలో అది అమ్మ తోకతో ఆడుతుంటే, ఇంత చక్కటిదాన్ని చక్కగా ఉందని అనకుండా ఉండటానికి ఎంత ఓపిక కావాలో నాకు మొదటిసారి తెలిసింది. నా నాలుక కొసదాకా వచ్చేసింది. అమ్మమ్మ నా మోచెయ్యి గిల్లింది.

తిరిగొస్తూ అడిగాను. "అమ్మమ్మా, ఏనుగుని అన్నేసి మాటలు పొగిడావు. నన్ను ఒక్కసారి పొగిడితే ఏం పోయింది?"

"అది ఏనుగు, తట్టుకుంది. నువ్వేం తట్టుకుంటావే? నడు, పిండి కలపాలి."