అమ్మ సైగ, నాన్న బ్రేకు

తొంభైల చివర్లో మా నాన్న దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉండేది. పోర్టులో ఇరవై ఎనిమిదేళ్లు క్రేన్ నడిపి, రిటైరయ్యాక కొనుక్కున్నాడు. దానికి చేసిన సేవలో సగం మాకు చేసి ఉంటే మేమెప్పుడో బాగుపడేవాళ్లం.

ఒక ఆదివారం రుషికొండ వాలులో దిగుతుంటే బ్రేకు పెడలు నేలదాకా దిగిపోయింది. నాన్న బండిని ఇసుకలోకి తిప్పి ఆపాడు. అమ్మ దిగి, వెనకే వస్తున్న చేపల ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది. గుమ్మంలో ఆ బండైనా ఉండాలి, తానైనా ఉండాలంది. తగరపువలస నుంచి ఒకాయన శనివారం నాలుగింటికి వచ్చి బండి కొనుక్కెళ్లేట్టు మాట కుదిరింది. ఆ వారమంతా నాన్నకు ముద్ద దిగలేదు. నాకైతే కడుపు మండిపోయింది. నేను డ్రైవింగ్ నేర్చుకుని అప్పటికి పది రోజులే మరి!

బ్రేకు లేని బండిని మనిషికి అంటగట్టకూడదని నాన్న పట్టుబట్టడంతో, శనివారం పొద్దున్నే బండి కిందికి దూరాను. ఎక్కడా ఆయిల్ కారడం లేదు. రెండుమూడుసార్లు వరసగా తొక్కితే పెడలు గట్టిపడుతోంది, కాసేపటికి మళ్లీ మెత్తబడుతోంది. అంటే బ్రేకు ఆయిల్ గొట్టాల్లో గాలి చేరిందన్నమాట. నాన్న పెడలు తొక్కిపట్టాలి, నేను చక్రం దగ్గర గాలి వదిలే మర, నిప్పిల్, వదులుచేసి గాలి పోయాక బిగించాలి, ఆ తర్వాతే ఆయన కాలు తీయాలి. అంతే పని.

ఆయన ముందే తీసేస్తున్నాడు. పోయిన గాలి పోయినట్టే వెనక్కి వస్తోంది. పట్టుకో, పట్టుకో అని గొంతు చించుకున్నా లాభం లేదు. మధ్యాహ్నానికి నా మొహమంతా ఆయిలే. ఒళ్లు మండి బయటికొచ్చి నిలదీశాను.

"సెయ్యి కనపడకపోతే కాలు తీసీడమేరా. కేకలు నమ్ముకుని క్రేన్ తోలినోడు బాగుపడ్డం నాను సూళ్లేదు" అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు. పోర్టులో కింది మనిషి చేతి సైగ చూస్తేనే క్రేన్ కదిపేవాడు మరి.

నా రెండు చేతులకీ కింద పనుంది. పోనీ అని కాలు బయటపెట్టి బొటనవేలు ఊపి చూశాను. అది రూల్లో లేదన్నాడు. ఇదంతా చూస్తున్న అమ్మ విసుగెత్తి, చేట పక్కనపెట్టి వచ్చి బండి ముందు నిలబడింది. నాన్న ఆవిడకు సైగలు నేర్పాడు. అరచెయ్యి కిందికి ఊపితే తొక్కాలి, పిడికిలి బిగిస్తే ఉన్నది ఉన్నట్టు ఆపాలి, చెయ్యి పైకెత్తితే వదలాలి.

నేను అరిచాను, అమ్మ చూపించింది, నాన్న చేశాడు. పొల్లు పోలేదు. గంటలో నాలుగు చక్రాలూ అయిపోయి పెడలు రాయిలా నిలబడింది. పనైపోయినా అమ్మ కదల్లేదు. ఊరికే ఇంకో నాలుగుసార్లు తొక్కించి చూసుకుంది.

నాలుగింటికి తగరపువలస ఆయన వచ్చి, పెడలు తొక్కి చూసి, బాగుందని తాళాల కోసం చెయ్యి చాచాడు. నాన్న బానెట్టును ఒకసారి నిమిరి జేబులోంచి తాళాలు తీశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు ఆ కొనేవాయన వెనక నుంచి అమ్మ పిడికిలి బిగించి చూపించింది.

నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వచ్చినాయనకు కాఫీ ఇచ్చి, సర్దిచెప్పి పంపాక, ఇదేం పనని అమ్మనడిగాను.

"ముప్పయ్యేళ్లు నోరు పడిపోయేలా సెప్పినా ఇన్లేదురా మీ నాన్న. సెయ్యి సూపిస్తే ఇంటన్నాడు" అంది.

అప్పట్నుంచి ముందు సీటు అమ్మది. దారిలో ఎక్కడ మంచి చేపలు కనపడినా పిడికిలి లేచేది. నాన్న బ్రేకు తొక్కేవాడు.