సీటుకు కాళ్లున్నాయా?

మొన్న బస్సులో పక్క సీట్లోని అమ్మాయి ఫోనులో "సీటు రాలేదమ్మా" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మాట వినగానే నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఆ మాట మీద నాకింత కోపం నేర్పింది రత్నమ్మ సిస్టర్. అడవి అంచున ఉన్న మా పినపాకలో సర్కారు దవాఖానా హెడ్ నర్సు, మా పక్కింట్లో కిరాయికి ఉండేది. ఆదివారం చర్చిలో మెత్తగా పాడే మనిషి, దవాఖానా గడపలో నిలబడితే మగవాళ్లు చేతులు కట్టుకునేవాళ్లు. ఒకసారి నొప్పులు పడుతున్న భార్యను పొద్దెక్కాక తీసుకొచ్చినాయన "ఆలస్యమైంది సిస్టరమ్మా" అని నసిగాడు. "ఆలస్యం దానంతటదే అయితదా? నువ్వు చేసినవ్!" అని కసిరింది. ఆ పూట నేనక్కడే ఉన్నాను.

రెండువేల అయిదు ప్రాంతంలో నేను డిగ్రీ ముగించి, పట్నంలో నేను కోరుకున్న యూనివర్సిటీకి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఎంట్రెన్సు రాశాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్వ్యూలో ఒకాయన "మీ అడవిలో కరెంటుందా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పది రోజులకు సీటు లేదని ఉత్తరం వచ్చింది. నాన్న దాన్ని మడిచి, "బీఈడీ చెయ్యి బిడ్డా, గంతే" అన్నాడు. నేను తలుపేసుకుని పడుకున్నాను.

రత్నమ్మ సిస్టర్ తలుపు బాదింది. "ఏమైందే?"

"సీటు రాలే సిస్టరమ్మా."

"రాలే ఏంది? సీటుకు కాళ్లున్నయా, నడిసొచ్చెటందుకు? వాళ్లు ఇయ్యలే. గట్ల చెప్పు!"

చెప్పాను. చెప్పగానే ఏడుపు ఆగి పళ్లు బిగిశాయి. ఆమె మంచం మీద కూర్చుంది. "రాలేదంటే ఇంక చేసేదేం లేదు. ఇయ్యలేదంటే ఇంకోల్లని అడగొచ్చు. యూనివర్సిటీలు ఇంకా ఉన్నయి. ఏడాది ఆగి మల్ల రాయొచ్చు. నౌకరీ చేసుకుంట దూరవిద్యల సదవొచ్చు. బీఈడీ గూడ తప్పేం గాదు. నీకేం గావాలె?"

మా ఇంట్లో నన్నెవరూ అలా అడగలేదు. "కెమిస్ట్రీ" అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి నన్ను వెంటేసుకుని ఇంకో యూనివర్సిటీకి బయలుదేరింది. మిగిలిన సీట్లకు అదే ఆఖరి రోజు. మేము చేరేసరికి కిటికీ దగ్గర గుమాస్తా "టైమైపోయిందమ్మా" అన్నాడు. ఆమె గోడ గడియారం చూసింది. "అయిపోలే. అయిదింటిదాక ఉన్నది. మీరు మూస్తున్నరు." ఆయన గొణుక్కుంటూ నా కాగితాలు తీసుకున్నాడు. సాయంత్రానికి నాకు సీటిచ్చారు.

తిరుగు బస్సులో నా ఆనందం చూసి ఆమె కాసేపు నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "నేను గూడ డాక్టరు సదువుదామనుకున్ననే. సీటు రాలే" అన్నది.

రాలే. ఊరందరి మాటా దిద్దిన మనిషి తన దగ్గరికొచ్చేసరికి ఆ మాటే అన్నది. నేను గమనించాను, నోరు విప్పలేదు. ఏళ్ల తర్వాత ఆమె చనిపోయిన రోజున వాళ్ల చెల్లెలు చెప్పింది: మార్కులన్నీ ఉన్నాయట. దరఖాస్తు మీద తండ్రే సంతకం పెట్టలేదట.

ఇప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ బతుకుతున్నాను. ఆ ఇంటర్వ్యూ ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆమె తండ్రి మీదిది చల్లారలేదు. అంతకంటే నా మీద. "ఎవరియ్యలే సిస్టరమ్మా?" అని ఆనాటి తిరుగు బస్సులో ఒక్కమాట అడిగితే నా సొమ్మేం పోయేది!