తెగని పువ్వు

చోడవరం బస్టాండులో రోలుగుంట బస్సు కోసం కూర్చున్నాను. బొంత కుట్టడానికి మా అమ్మాయి పాత చీర ఒళ్లో పరిచి, అరచేయంత ముక్కలకు సుద్దతో గీతలు పెడుతున్నాను. పక్కనున్న పెద్దామె చీర మీది పెద్ద పువ్వు చుట్టూ మెల్లగా వేలు తిప్పింది.

“సిన్న ముక్కలొద్దమ్మా. పువ్వు తెగకుండా నాలుగు పెద్ద ముక్కలు సెయ్యి. సుట్టూ తెల్లగుడ్డ ఎయ్యి. ఒక్క రోజులో అయిపోద్ది.”

“మీరు బొంతలు కుడతారా?”

“ఒక్కటే కుట్టేను. మా గుంట, నా కూతురు, సచ్చిపోయినాక, దాని సీరతో. బొంతంటే ముక్కలే కదాని కోసీసేను. ఇప్పుడెంత ఎతికినా ఒక్క పువ్వూ పూర్తిగా లేదు.”

బస్సొచ్చింది. ఆమె ఎక్కలేదు.

ఆమె చెప్పినట్టే కుట్టాను. మా అమ్మాయి ఆ బొంత కప్పుకుని నిద్రపోతుంటే, పువ్వులన్నీ పూర్తిగా ఉన్నాయో లేదోనని ఇప్పటికీ వేలితో తడిమి చూసుకుంటాను.