ఆ పై చలికాలపు కట్టెలు

వేసవి వచ్చిందంటే చాలు, నా కాలు ఒకచోట నిలవదు. మామూలుగానే కుదురు తక్కువ మనిషిని. "కూర్చున్నచోట ముళ్ళుంటాయండీ మీకు" అంటుంది మా ఆవిడ. పోయిన వేసవిలో ఆ ముళ్ళు మరీ ఎక్కువయ్యాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే భూగోళం కిందిసగంలో ఉన్న మాకు వేసవంతా, ఒకే ఒక్క మాట నోట్లో పెట్టుకుని తిరిగాను, కక్కలేక మింగలేక.

మాట పెద్దదేం కాదు. "మేం పెర్త్ వెళ్ళిపోతున్నాం." అంతే. చెప్పాల్సింది మా స్కీ క్లబ్బులో ఒక పెద్దాయనకి.

ఒంగోలు ఎండల్లో పెరిగినవాడికి స్కీ క్లబ్బేమిటని నవ్వుకోకండి. నలభై ఒకటో ఏట ఆఫీసువాళ్ళతో కలిసి మంచు చూడ్డానికని వెళ్ళాను. పిల్లలు నేర్చుకునే వాలు మీద నాలుగేళ్ళ బుడతలు సర్రున జారిపోతుంటే, నేను వెల్లకిలా పడి లేవలేక, తెలుగులో నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టుకుంటున్నాను. ఒక ముసలాయన వచ్చి పక్కన ఆగాడు. చెయ్యి అందిస్తాడనుకున్నాను. అందించలేదు. కాళ్ళు ఎటు తిప్పాలో, బరువు ఎక్కడ వెయ్యాలో చెప్పి ఊరుకున్నాడు. "తొందరేం లేదు. నాకు రోజంతా ఖాళీయే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే లేచి నిలబడ్డాను. మరుసటి ఏడాదికి ఆయన క్లబ్బులో సభ్యుడినైపోయాను.

డెబ్బై దాటిన మనిషిని ఇక్కడివాళ్ళలా పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. "అంకుల్" అన్నాను. మొదట్లో ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవర్నో పిలుస్తున్నానని. రెండేళ్ళలో క్లబ్బంతా ఆయన్ని అంకుల్ అనడం మొదలుపెట్టింది, ఆయనకంటే పెద్దవాళ్ళతో సహా. ఆయన మాటలు నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను గాని, ఆయనది పళ్ళ సందుల్లోంచి వచ్చే ఇంగ్లీషు. సగం అర్థం కావడానికే నాకు ఒక చలికాలం పట్టింది.

మంచు ఉండేది మూడు నాలుగు నెలలు. మిగతా కాలం ఒకరి మొహాలొకరు మరిచిపోకుండా క్లబ్బువాళ్ళు వేసవి కార్యక్రమాలు పెట్టుకుంటారు. నవంబరులో రౌస్ హిల్ దగ్గర పార్కులో బార్బెక్యూ, డిసెంబరులో పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ ఆట, జనవరిలో కొండల్లో నడక, ఫిబ్రవరిలో వర్క్ పార్టీ. ఈ చివరిది పేరుకే పార్టీ. మంచుకొండల్లో క్లబ్బుకి సొంత బస ఒకటుంది. దానికి రంగులు వేసి, కిటికీలు బాగుచేసి, కట్టెలు కొట్టి పేర్చే వెట్టిచాకిరీ అది. డాక్టరైనా ప్లంబరైనా చెయ్యాల్సిందే.

పెర్త్ సంగతికొస్తాను. మా ఆవిడ ఫార్మసిస్టు. నా ఉద్యోగాల వెనక మూడు ఊళ్ళు మారింది, మారినప్పుడల్లా కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. అక్టోబరులో పెర్త్‌లో ఒక ఆసుపత్రి ఆవిడకి పెద్ద ఉద్యోగం ఇచ్చింది. ఆవిడ చెల్లెలు అక్కడే పియారా వాటర్స్‌లో ఉంటుంది. "ఈసారి మీ వంతండీ" అంది, అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఏమని కాదంటాను? పెర్త్‌లో మంచు కావాలంటే ఫ్రిజ్ తెరవాలి. అయినా సరేనన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. ఏప్రిల్లో ప్రయాణం.

కాని అంకుల్‌కి నేనే చెప్పాలి, ఎదురుగా నిలబడి చెప్పాలి. దానికొక కారణముంది. నాకంటే ముందు ఈ క్లబ్బులో ఇంకో తెలుగు కుటుంబం ఉండేది. నాలుగేళ్ళు కలిసిమెలిసి తిరిగి, ఉన్నట్టుండి రావడం మానేశారు. ఫోను లేదు, కబురు లేదు. మెల్‌బోర్న్ వెళ్ళిపోయారని, మనవాళ్ళ దుకాణాలుండే హారిస్ పార్క్ పేటలో మిఠాయి కొట్టు దగ్గర ఎవరో చెబితే నాకు తెలిసింది. బసలో ప్రతి సభ్యుడికీ ఒక కొక్కెం, దానికొక కప్పు ఉంటుంది. వాళ్ళ నాలుగు కప్పులూ ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి. ప్రతి వేసవీ అంకుల్ వాటిని దించి, దుమ్ము కడిగి, మళ్ళీ తగిలిస్తాడు. ఒకసారి కడుగుతూ కడుగుతూ నన్నడిగాడు: "మీవాళ్ళే కదా. మావల్ల ఏమైనా తప్పు జరిగిందంటావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పేం లేదని నాకు తెలుసు. మొహమాటం, అంతే. వెళ్ళిపోతున్నామని చెప్పడం ఇబ్బంది, వాయిదా వేసి వేసి, చివరికి చెప్పడం ఇంకా పెద్ద ఇబ్బంది. ఛీ, మనం మాత్రం ఇలా చెయ్యకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

నవంబరు బార్బెక్యూకి ఒక నిర్ణయంతోనే వెళ్ళాను. కాని అందరూ తింటున్నారు. తినేచోట వెళ్ళిపోయే మాట ఎత్తితే మా అమ్మ చెంప పగలగొట్టేది. తిన్నాక చెబుదామని ఆగాను. ప్లేటు పట్టుకుని ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, అంకులే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నాకు ఓపిక తగ్గుతోంది. బస దగ్గరి కట్టెల కొట్టం బాధ్యత వచ్చే రెండేళ్ళు నువ్వు చూసుకుంటావా?" అన్నాడు.

చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరుకుతుందా? దేవుడే తలుపు తీసిపెట్టినట్టు. నోరు తెరిచాను. "తప్పకుండా అంకుల్! నో వర్రీస్!" అన్నాను.

ఆయన నావంక కాసేపు చూశాడు. "సరే అయితే" అని కొట్టం తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

కారెక్కగానే మా ఆవిడ అందుకుంది. "మతుండే ఒప్పుకున్నారా? ఏప్రిల్లో సామాను సర్దుకుని పోయేవాళ్ళం, రెండేళ్ళు కట్టెలు కొడతారా?"

"పెద్దాయన నోరు తెరిచి అడిగితే మొహం మీద కాదంటానా?"

"మరి నామీదైతే లక్షసార్లు అరుస్తారుగా కాదూ కూడదని!"

వెనక సీట్లో మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. పదిహేనేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగానికి పైగా ఇంగ్లీషులోనే. "నాన్నా, జస్ట్ టెల్ హిమ్" అంది. నోర్ముయ్యమన్నాను.

డిసెంబరు బౌల్స్ ఆటలో మళ్ళీ ఆయన పక్కన చోటు దొరికింది. ఆయన బంతి ఎలా వంకర తిరుగుతుందో గంటసేపు వివరించాడు. మధ్యలో రెండుసార్లు మాట్లాడ్డం ఆపేసి ఊరికే కూర్చున్నాడు. ఆ రెండుసార్లూ నేను లేచి నీళ్ళు తాగి వచ్చాను. జనవరి నడకకి బస్సులో వెళ్ళాం. మళ్ళీ పక్కపక్క సీట్లే. దారిలో తన పెళ్ళయిన కొత్తలో డార్విన్ ఊరికి ఉద్యోగం మారినప్పుడు స్నేహితులకి ఎలా చెప్పాడో చెప్పాడు. అందులో నాకు పనికొచ్చేదేదీ ఉందనిపించలేదు చూడండి, అంత తెలివైనవాడిని! నడకలో జోరీగలు పీక్కుతిన్నాయి. వాటిని తోలుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ, ఒక్క మాటా చెప్పకుండా ఇంటికొచ్చాను. ఆ వారమంతా ఇంట్లో చీటికీ మాటికీ కస్సుబుస్సులాడాను. సర్దిన పెట్టెలు విప్పాను, విప్పినవి మళ్ళీ సర్దాను.

"ఏమండీ, మీ నోట్లో అంత బెల్లంముక్కేముందో నాకర్థం కావట్లేదు" అంది మా ఆవిడ. "వర్క్ పార్టీలో కూడా చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెబుతాను." అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ.

ఆవిడకి డ్యూటీ ఉండటంతో ఫిబ్రవరిలో నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. ఆరు గంటల ప్రయాణంలో సిద్ధం చేసుకున్న వాక్యాన్ని ముప్పైసార్లు వల్లించాను. మంచు లేని ఆ కొండలు నాకెప్పుడూ పరాయిగా ఉంటాయి. గడ్డి, రాళ్ళు, పసుపుపచ్చ పూలు. నేను పడి లేచిన వాలు ఇదేనా అనిపిస్తుంది.

ఆ కొండలు నేషనల్ పార్కు, కొమ్మ విరవకూడదు. అందుకని దుంగలు కింద ఊరి నుంచి లారీలో వస్తాయి. వాటిని చీల్చి కొట్టంలో వరసలుగా పేరుస్తాం. పచ్చి కట్టె ఆరడానికి ఏడాది పైన పడుతుంది కాబట్టి, ఈ వేసవిలో కొట్టింది వచ్చే చలికాలానికి పనికిరాదు, ఆ పై చలికాలానికి. ఏ వరస ఎవరు కొట్టారో సుద్దముక్కతో పేరు రాయడం క్లబ్బు ఆనవాయితీ. మంట వేసేవాళ్ళు ఆ పేరు చదివి, కప్పు పైకెత్తి, తర్వాత కట్టె అంటిస్తారు.

పొద్దున్నించీ కసిగా కొట్టాను. మా అమ్మాయి మోస్తోంది, అంకుల్ పేరుస్తున్నాడు. మధ్యాహ్నానికి వరస నడుమెత్తు లేచింది. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, నా పేరు రాయబోయాడు. గొడ్డలి కింద పడేశాను.

"అంకుల్, ఆగండి. ఈ కట్టెలు మండేటప్పటికి నేను... మేము..."

ముప్పైసార్లు వల్లించిన వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది.

"పెర్త్‌లో ఉంటారు" అన్నాడు ఆయన.

మా అమ్మాయి రెండు కట్టెలు గుండెకి హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. దాని మొహం చూడగానే నాకు అర్థమైంది.

"నువ్వు చెప్పావా?"

"నాన్నా, బార్బెక్యూలో, నెక్స్ట్ సీజన్ పిల్లల స్కీ రేసుల్లో ఉంటావా అని అంకుల్ అడిగారు. వాట్ వాజ్ ఐ సపోజ్డ్ టు సే?"

బార్బెక్యూ! అంటే నవంబరు! ఆయన కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చోకముందే!

"మరి నాకు చెప్పొద్దుటే?"

"చెప్పొద్దన్నారు. హీ సెడ్ యూ విల్ డు ఇట్ యువర్‌సెల్ఫ్."

నాకు తిక్క రేగింది. కూతురి మీదో, ఆయన మీదో, నామీదో తెలీదు. నాలుగు నెలలు! తిండి సయించక, నిద్రపట్టక, ఇంటిల్లిపాదినీ కాల్చుకుతిన్నాను నాలుగు నెలలు!

"తెలిసి కూడా కొట్టం తాళంచెవి ఎందుకిచ్చారండీ నాకు?" అని అరిచాను. తెలుగులోనే అరిచినట్టున్నాను. మళ్ళీ ఇంగ్లీషులో అరిచాను.

"కాదంటావని అడిగాను" అన్నాడు అంకుల్. "వెళ్ళిపోయేవాడు రెండేళ్ళ పని ఎలా ఒప్పుకుంటాడు? కాదన్నాక ఎందుకని అడగొచ్చు, నువ్వు చెప్పేస్తావు, సులువుగా అయిపోతుందనుకున్నా. నువ్వేమో నో వర్రీస్ అన్నావు."

అక్కడే దుంగమీద కూలబడ్డాను. బార్బెక్యూలో కుర్చీ. బౌల్స్‌లో బెంచీ. బస్సులో కిటికీ పక్క సీటు. ఆయన పక్కన చోటు నాకు దొరుకుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. నా పక్కకొచ్చి కూర్చున్నది ఆయన. ప్రతిసారీ ఆయనే. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"సరే, నాకు తెలుసు. కాని నువ్వింకా చెప్పలేదు" అన్నాడు. "మళ్ళీ అడుగుతున్నాను. కట్టెల కొట్టం రెండేళ్ళు చూసుకుంటావా?"

నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. అరిచాను, తలుపులు దబాలున వేశాను, అలిగి అన్నం మానేశాను. పెద్దవాళ్ళ మొహం చూసి కాదని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆయన గొడ్డలి తీసి, దానిమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు, రోజంతా ఖాళీయే అన్నట్టు.

లేచి నిలబడ్డాను.

"లేదు అంకుల్. చూసుకోలేను. ఏప్రిల్లో మేం పెర్త్ వెళ్ళిపోతున్నాం. నాకు ఇక్కణ్ణించి పోవాలని లేదు. కాని వెళ్తున్నాం."

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అని చెయ్యి చాచాడు. తాళంచెవి ఇచ్చేశాను. ఆయన అది జేబులో వేసుకుని, వరసమీద నా పేరు రాసి, మిగతా సగం పేర్చమన్నాడు. సాయంత్రానికి పూర్తిచేశాను.

బయల్దేరే ముందు వంటింట్లోకి వెళ్ళి మా మూడు కప్పులూ కొక్కేల మీంచి తీసి సంచిలో పెట్టుకోబోయాను. అంకుల్ నా చేతుల్లోంచి తీసుకుని, కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ మళ్ళీ తగిలించాడు. పక్కనే ఆ నాలుగు కప్పులూ ఉన్నాయి.

"వాటి సంగతేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు" అన్నాడు. "మీవి ఎవరివని అడిగితే, పెర్త్‌లో ఉన్నారని చెబుతాను."