మంచం బొమ్మను నమ్మని రాజన్న

రాజన్న లేడు. ఈ రెండు మాటలు రాయడానికి ఇప్పటికీ చెయ్యి మొరాయిస్తోంది. ఖతార్‌లో అల్ తుమామా దగ్గర ప్రపంచకప్పు కోసం వేస్తున్న రోడ్డు పనిలో, కంకర లారీల వరుసలో, రెండు బండ్ల మధ్య నలిగి మా రాజన్న దుర్మరణం పాలయ్యాడు. కబురు తెచ్చినవాణ్ణి "నోర్ముయ్, ఏం మాటలవి!" అని కసిరాను. వాడు ఏడుస్తూ అలాగే నిలబడ్డాడు.

జగిత్యాల ప్రాంతం నుంచి వచ్చిన రాజన్న ట్రైలర్ డ్రైవర్. భీమవరం నుంచి డిప్లొమా పట్టుకొచ్చిన నేను అదే కంపెనీ వర్క్‌షాపులో లారీలకు టాకోగ్రాఫులు బిగించేవాణ్ణి. డ్రైవరు ఎంతసేపు నడిపాడో, ఎంతసేపు విశ్రమించాడో నమోదు చేసే యంత్రమది. చక్రం తిరిగితే తానే రాసుకుంటుంది. ఆగినప్పుడు మాత్రం పనిలో ఉంటే సుత్తుల బొమ్మ, విశ్రాంతి అయితే మంచం బొమ్మ డ్రైవరే నొక్కాలి. అన్‌లోడింగు వరుసలో బ్రేకు మీద కాలు పెట్టుకుని, అంగుళం అంగుళం జరుగుతూ మగ్గిపోయేవాళ్ళ చేత మా ఫోర్‌మన్ మంచమే నొక్కించేవాడు. రికార్డులో అందరూ సుఖనిద్రలో ఉన్నట్టే, ఖర్మ!

ఒకరోజు రాజన్న ఆ మంచం నొక్కి, నిజంగానే కిందికి దిగి, ట్రైలర్ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. వెనక హారన్ల మోత. ఫోర్‌మన్ వచ్చి "యల్లా, ఉఠో!" అంటూ బూటుకాలితో డొక్కలో తన్నాడు. రాజన్న లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వాడి దవడ మీద ఒక్కటిచ్చాడు. పన్నూడింది. నోట నెత్తురు కారుతున్న ఆ మనిషిని, "మంచం నొక్కుమన్నవ్, నొక్కిన. మంచమంటె పండుడే గద! మల్ల తన్నుడెందుకు?" అని నిలదీశాడు. కొన్నాళ్ళు డ్యూటీ ఆపేశారు.

కోపిష్టే, ఒప్పుకుంటాను. శాంతమూర్తి అని రాస్తే పైనుంచి దిగొచ్చి నన్నే వాయిస్తాడు. నిద్రపోకుండా బండి తోలానని మెస్సులో గొప్పలు చెప్పుకున్న డ్రైవర్ని కంచం ముందు నుంచి లేపి చెంపలు పగలగొట్టాడు. "నిద్రల నువ్వొక్కనివే సావవుర బిడ్డా, ఇంకోన్ని సంపుతవ్" అన్నాడు. తరవాత వాణ్ణి తన మంచం మీద పడుకోబెట్టి, ఎవరూ లేపకుండా గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. లేపబోయిన క్యాంప్ బాస్ చొక్కా చిరిగింది.

ఆ దుర్దినాన, తెగిన టార్పాలిన్ తాడు కట్టడానికి రాజన్న తన ట్రైలర్ వెనక్కి వెళ్ళాడు. వెనక లారీలో ఉన్నది గంగారం, వరసకు బావమరిది. ఎండకీ అలసటకీ అతనికి కునుకు పట్టింది, కాలు బ్రేకు మీంచి జారింది. నిండు లోడు లారీ మెల్లగా కదిలి రాజన్నను ఆయన ట్రైలర్‌కే అదిమేసింది. ఎముకలు విరిగిన చప్పుడు చుట్టుపక్కల డ్రైవర్లు విన్నారు. గంగారాన్ని కిందికి లాగి నెత్తురొచ్చేలా కొట్టారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "సంపుండ్రి, నన్నుగుడ సంపుండ్రి" అంటూ రాజన్న కాళ్ళ దగ్గరే పడ్డాడు. పోలీసులు అతన్ని పట్టుకుపోయారు.

గంగారం యంత్రం నిండా మంచం బొమ్మలే. "చాలినంత విశ్రాంతి తీసుకున్నాడు, తప్పు అతనిదేనని పోలీసులకు చెప్పు" అన్నాడు మేనేజర్. అంటే గంగారం జైలుకి, కంపెనీ ఒడ్డుకి. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం రాజన్న భార్య లచ్చవ్వ ఊరి నుంచి ఫోన్ చేసింది. "దుబాయ్‌ల ఎవలతోనన్న కొట్లాడి సచ్చిండా సారూ?" అని అడిగింది. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. కాదమ్మా అని జరిగింది చెప్పాను. చాలాసేపు ఏడ్చింది.

"మా గంగన్న ఏడున్నడు?"

"స్టేషన్లో ఉన్నాడమ్మా."

"గదేంది సారూ! నిద్ర లేకుంట జేసినోల్లు బయట, గాయన లోపటా? మా ఆయన బతికుంటె గీపాటికి ఆ తలుపులు పలగ్గొట్టెటోడు."

మర్నాడు స్టేషనుకు వెళ్ళి అధికారికి చెప్పాను: "ఈ మంచం అబద్ధం సార్. మంచానికీ మంచానికీ మధ్య చక్రాలు కదిలినట్టు ఈ యంత్రమే చూపిస్తోంది. నిద్రపోయేవాడు ఇన్నిసార్లు లారీ జరుపుతాడా?" ఆయన రాసుకున్నాడు. సంగతి తెలిసి మేనేజర్ నన్ను గేటు బయటికి గెంటించాడు. నేనూ వాడి కాలరు పట్టుకున్నాను, బతుకులో మొదటిసారి.

రాజన్న పార్థివదేహం రేపు విమానమెక్కుతుంది. ఆ పిడికిలికి, ఆ పిడికిలి వెనకున్న అపారమైన దయకు నా అశ్రుతర్పణం. గంగారం ఇంకా లోపలే ఉన్నాడు. తలుపు పగలగొట్టే మనిషి లేడు.