చోళ్ళు మొలిచిన కొండ

చేతికి డిప్లొమా వచ్చి ఉద్యోగం మాత్రం రాని రోజుల్లో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం మళ్ళీ జన్మలో ఉండదు. ఆ నమ్మకంతోనే కంచరపాలెంలో బొమ్మ రైళ్ళకు కొండలూ స్టేషన్లూ చేసిపెట్టే మాస్టారి దగ్గర చేరాను. (బొమ్మ రైళ్ళు పిల్లలకనుకునేవాణ్ణి. చేయించుకునేవాళ్ళంతా షుగర్ మాత్రలు మింగే వయసువాళ్ళని అక్కడే తెలిసింది.) మాస్టారిది గోదావరి వైపు. "ఈ అరకు లైను బాగా చేశావంటే ఉంచేసుకుంటానయ్యా. పాడుచేశావో, మీ నాన్నగారు చెప్పిన చోటికే పోదువుగాని" అన్నారు. నాన్న చెప్పిన చోటు గాజువాకలో మా బావ ఏసీ రిపేరు షాపు. బావ మంచివాడే. కానీ రోజూ పొద్దున్నే నాకు నీతులు చెప్పే అవకాశం ఆయనకివ్వడం నాకిష్టం లేదు.

అరకు లైను చేయించుకుంటున్నది రిటైరైన ఇంజను డ్రైవరు. తాతా అని పిలిచేవాళ్ళం. ఉద్యోగమంతా ఆ ఘాట్‌లోనే ఖనిజం రైళ్ళు నడిపాడు. పట్టాలు మాస్టారివి, కొండలు నావి. సొరంగం ముఖానికి ఒక్కో రాయికీ ఒక్కో రంగు వేశాను. ఎర్రమట్టికని మాస్టారిచ్చిన రంగుపొడి మాత్రం నా కంటికి ఆనలేదు. ఇంట్లో అంబలి కోసం అమ్మ దాచిన చోళ్ళు, అదే రాగులు, సరిగ్గా ఆ మట్టి రంగులో ఉన్నాయి. "తినే చోళ్ళు కొండకేటిరా, నీకేటైనా పిచ్చా?" అని అమ్మ అరుస్తున్నా డబ్బా ఎత్తుకెళ్ళి, తడిమట్టి కొండ మీద మైదా జిగురు పూసి చల్లేశాను. మట్టి బీటలివ్వకుండా తడి గోనెపట్టా కప్పాను. తర్వాత అల్పపీడనం వానలు పట్టుకుంటే హాయిగా ఇంట్లో పడుకున్నాను.

తాత వచ్చే రోజు పట్టా తీస్తే కొండంతా పచ్చగా మొలకెత్తి ఉంది. మాస్టారు ఒక్క చూపుతోనే నన్ను గాజువాక బస్సెక్కించేశారు. ఈలోగా తాత రానే వచ్చాడు. స్విచ్ వేస్తే రైలు సొరంగం దాకా వెళ్ళి మొలకల్లో చిక్కుకుని ఆగిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

తాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఉండనీ బాబూ, రైలుని అలగే ఉండనీ. ఇన్నేళ్ళూ ఆ కొండ మీదే తిరిగాను, సిగ్నలు తప్ప ఏటీ సూళ్ళేదు. ఇప్పుడు కూకుని సూత్తన్నాను" అన్నాడు. నేను గబగబా స్విచ్ ఆపేశాను. (నా సొరంగం రాళ్ళ వైపు ఆయన కన్నెత్తి కూడా చూడలేదన్న బాధ తర్వాత కలిగింది.) వెళ్తూ వెళ్తూ మాస్టారితో, "ఈ కుర్రోణ్ణి మా ఇంటికి పంపుతుండండి. ఎండిపోతే మళ్ళీ సల్లాల" అన్నాడు.

మా నాన్న శ్రీకాకుళం వైపు పల్లెలో మెట్టచేను వదిలేసి, కొడుకు చేతికి మట్టి అంటకూడదని పోర్టులో బస్తాలు మోసిన మనిషి. మాస్టారు నన్ను ఉంచేసుకున్నాక, ఉద్యోగం ఖాయమైందని ఆయనకు చెప్పాను.

"ఏటి పని?"

"చోళ్ళు చల్లి నీళ్ళు పెట్టడం."

నాన్న నా గోళ్ళలో మట్టి చూశాడు. "ఎరువెయ్యకు. ఏపుగా ఎదిగి పడిపోతాది" అన్నాడు.

మళ్ళీ చల్లాల్సి వచ్చినప్పుడు చూద్దామని నాన్న కూడా నా వెంటే తాత ఇంటికి వచ్చాడు. చూస్తూ ఊరుకోలేక డబ్బా నా చేతిలోంచి లాక్కుని, లుంగీ ఎగ్గట్టి, ఆ బల్లెడు కొండ మీద తనే పల్చగా చల్లాడు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం పక్కన నిలబడి, తాతకు నాన్న పనే నచ్చితే నా ఉద్యోగం ఏమైపోతుందోనని కంగారుపడుతున్నాను. అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.